జట్టు మునిగినా కుర్చీ తేలాలి: కొత్త హాకీ కార్యదర్శికి పది చిట్కాలు

చిరంజీవి కార్యదర్శికి, దిగిపోయిన కార్యదర్శి ఆశీస్సులతో రాయునది.

పోటీ లేకుండా ఎన్నికయ్యావని తెలిసి సంతోషించాను. మన కాలేజీ పాత విద్యార్థుల హాకీ క్లబ్బులో పోటీ పడి గెలవడం మర్యాద కాదని పెద్దలు ఏనాడో తేల్చారు.

నీ చేతికొచ్చిన జట్టు సంగతి నీకు తెలియంది కాదు. కలకత్తా ఖిదిర్‌పూర్ తెలుగువాళ్లం మూడు తరాలుగా దానికి చప్పట్లు కొడుతున్నాం. తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైలెక్కి వచ్చారు. కొందరు గార్డెన్ రీచ్ రైల్వే కచేరీలో, కొందరు డాక్‌లో పనికి కుదిరారు. సెలవు దొరికితే 36 నంబరు ట్రామెక్కి మైదాన్‌కి పోయి హాకీ చూశారు. ఆ ట్రాము 2020లో ఆంఫన్ తుపానుకి ఆగిపోయింది. మన జట్టు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆగింది. దానికి తుపాను కూడా అక్కర్లేకపోయింది, మన కార్యవర్గమే సరిపోయింది.

ఇప్పుడు అభిమానులు మండిపడుతున్నారు. మ్యాచ్ అయ్యాక మైదాన్‌లో మన క్లబ్బు టెంటు బయట నిలబడి పేరు పెట్టి తిడుతున్నారు. ఫ్యాన్సీ మార్కెట్ దగ్గర నిన్ను ఆపి "ఏటి బాబూ, ఇదేటి ఆట" అని అడుగుతున్నారట. కంగారు పడకు. నేను ఆ కుర్చీలో చాలా ఏళ్లు కూర్చుని, ఒక్క ట్రోఫీ తేకుండా, ఒక్క రోజు కూడా లేవకుండా గడిపాను. ఆ విద్య నాతో పోకూడదని ఈ పది చిట్కాలు రాస్తున్నాను. చదివి బీరువాలో పెట్టుకో.

1. గతాన్ని గోడకెక్కించు

మొట్టమొదట ఫొటోలకి ఫ్రేములు కట్టించు. టెంటులో అడుగుపెట్టినవాడికి ముందు అవే కనిపించాలి. కలకత్తా హాకీకి గతం కొదవలేదు. బైటన్ కప్ 1895లో మొదలైంది, ప్రపంచంలోని పాతకాలపు హాకీ టోర్నీల్లో అదొకటి. కలకత్తా లీగు 1905 నాటిది. బెంగాల్ హాకీ సంఘం 1908లో పుట్టింది, జాతీయ సమాఖ్య పుట్టడానికి అప్పటికింకా పదిహేడేళ్లుంది. 1933 బైటన్ ఫైనల్లో ఝాన్సీ హీరోస్ తరఫున కలకత్తా కస్టమ్స్ మీద ఆడిన మ్యాచ్‌నే తన ఆటల్లోకెల్లా గొప్పదిగా ధ్యాన్‌చంద్ ఆత్మకథలో రాసుకున్నాడు.

మన బీఎన్నార్, అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టు, ఒక్కటే ఎంతమంది ఒలింపియన్లనిచ్చిందో చూడు. 1932లో డికీ కార్, 1932లోనూ 1936లోనూ కార్లైల్ టాప్‌సెల్, 1936లో జో గాలిబార్డీ. ఫుట్‌బాల్ ఆడదామని వచ్చిన బిలాస్‌పూర్ కుర్రాడు లెస్లీ క్లాడియస్ చేతికి హాకీ స్టిక్ అందింది కూడా ఆ బీఎన్నార్‌లోనే. తర్వాత పోర్ట్ కమిషనర్స్‌కి ఆడాడు, కస్టమ్స్‌కి ఆడాడు. 1948, 1952, 1956 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు తెచ్చాడు. 1960లో కెప్టెన్‌గా వెళ్లి రజతం తెచ్చాడు.

ఈ పేర్లన్నీ వరసగా నోటికి రావాలి. "నిన్న ఆరు గోల్స్ ఎందుకు తిన్నాం?" అని అభిమాని అడిగితే వేలు గోడవైపు చూపించు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న మాట మనలాంటి కమిటీల కోసమే పుట్టింది. దేశమంతా దాన్ని పాటించిన సంవత్సరం 2012. లండన్ ఒలింపిక్స్ సందర్భంగా అక్కడి రైళ్ల పటంలో ఒక స్టేషనుకి క్లాడియస్ పేరు పెట్టారు. అవే ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆడిన మ్యాచ్‌లన్నీ ఓడి, పన్నెండు జట్లలో పన్నెండోది అయింది. పటం చూసి ఛాతీ పొంగించుకున్నవాడికి పట్టిక చూసే తీరిక ఉండదు, ఇది గుర్తుంచుకో.

2. టర్ఫ్ గురించి ప్రసంగించు, టర్ఫ్ మీద ఆడించకు

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని మొదటిసారి కృత్రిమ పచ్చిక మీద ఆడించారు. మనం ఏడో స్థానంలో వచ్చాం. అప్పటినుంచీ దేశంలో ప్రతి హాకీ సభలో మొదటి ప్రసంగం టర్ఫ్ మీదే. ఆ సంప్రదాయం నువ్వు చెడగొట్టకు.

గడ్డినేల మీద బంతి ఎగిరి, పక్కకి తిరిగి, ఆగి, ఎలాపడితే అలా వస్తుంది. దాన్ని మణికట్టుతో మచ్చిక చేసుకోవడం మన కుర్రాళ్లకి చిన్నప్పటి నుంచీ అలవాటు. నీళ్లు చల్లిన టర్ఫ్ మీద బంతి గీత గీసినట్టు వస్తుంది. మచ్చిక చేసుకునే లోపే అవతలివాడు తీసుకుపోయి డీలో పడేస్తాడు. అక్కడ గెలిచేది పరుగు, ఊపిరి, పెనాల్టీ కార్నర్. ఈ మూడూ నెలల తరబడి టర్ఫ్ మీద సాధన చేస్తేనే వస్తాయి. కాబట్టి మనవాళ్లని పెద్ద టోర్నీకి ముందురోజు మాత్రమే టర్ఫ్ మీదికి తీసుకెళ్లు. గడ్డినేల బూట్లతోనే తీసుకెళ్లు. జారిపడితే "అలవాటు లేదు పాపం" అని నువ్వే అందరికంటే ముందు జాలిపడు.

టర్ఫ్ ఎందుకు లేదని అడిగితే చెప్పడానికి కారణం సిద్ధంగా ఉంది. మైదాన్ సైన్యానిది. అక్కడ ఒక గుంజ పాతాలన్నా అనుమతి కావాలి. నిజమైన కారణం అంత అందంగా దొరకడం మన అదృష్టం, దాన్ని మాత్రం వృథా చెయ్యకు. "మరి సాల్ట్ లేక్‌లో స్పోర్ట్స్ అథారిటీ వాళ్ల కేంద్రంలో టర్ఫ్ ఉందిగా, వారానికి రెండుసార్లు కుర్రాళ్లని బస్సులో పంపొచ్చుగా?" అని ఎవడైనా తెలివైనవాడు అడిగితే, బస్సు ఖర్చుకి పద్దు లేదని చెప్పు. పద్దు ఎందుకు లేదని అడిగితే కోశాధికారి ఊళ్లో లేడని చెప్పు.

3. ఓడితే కోచ్‌ని మార్చు, గెలిస్తే తప్పకుండా మార్చు

ఓడినప్పుడు కోచ్‌ని పంపడం ఏ కమిటీకైనా తెలుసు. గెలిచినప్పుడు పంపడానికే గుండెధైర్యం కావాలి. 1966 తర్వాత 32 ఏళ్లకి, 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ హాకీ స్వర్ణం గెలిచింది. వెంటనే గెలిపించిన కోచ్ కౌశిక్‌ని తప్పించారు. కెప్టెన్ ధన్‌రాజ్ పిళ్ళైతో పాటు మరికొందరు సీనియర్లనీ తర్వాతి సిరీస్‌కి పక్కన పెట్టారు. గెలుపు ఆటగాళ్ల ఖాతాలో పడితే రేపు భత్యం పెంచమంటారు, మంచి స్టిక్కులు అడుగుతారు. ఆ ప్రమాదం మొగ్గలోనే తుంచాలి.

ఇక 2009 నుంచి 2019 దాకా జాతీయ జట్టు కోచ్‌ల వరస చూడు. స్పెయిన్ నుంచి బ్రాసా, ఆస్ట్రేలియా నుంచి నాబ్స్, మళ్లీ అక్కడినుంచే వాల్ష్, నెదర్లాండ్స్ నుంచి వాన్ ఆస్, ఓల్ట్‌మన్స్, మరీన్, ఆ తర్వాత మన హరేంద్ర సింగ్. వాల్ష్ 2014 ఆసియా క్రీడల స్వర్ణం ఇప్పించిన కొద్ది వారాలకే సెలవు తీసుకున్నాడు. వాన్ ఆస్ 2015లో వచ్చి, అదే ఏడు వెళ్లిపోయాడు. ఒకడు నేర్పిన పద్ధతి కాళ్లకి అలవాటయ్యే లోపు ఇంకొకడొచ్చి దాన్ని మరిచిపొమ్మనేవాడు. మన క్లబ్బు స్థాయికి విదేశీ కోచ్ అక్కర్లేదు. పక్క క్లబ్బు రిటైర్డ్ గోల్‌కీపర్‌ని తెచ్చి ఫార్వర్డ్ లైన్‌కి నేర్పమను. సీజన్ మధ్యలో మార్చు. జీతం రెండు నెలలు ఆపు, వాడే పోతాడు. పత్రికలకి "వ్యక్తిగత కారణాలు" అని చెప్పు.

బాధ్యత ఎక్కడ ఆగాలో కూడా ముందే గీత గీసుకో. 2008 మార్చిలో చిలీలోని శాంటియాగోలో బ్రిటన్ చేతిలో 2-0తో ఓడి, 80 ఏళ్లలో మొదటిసారి భారత్ ఒలింపిక్స్‌కి అర్హత పోగొట్టుకుంది. కోచ్ రాజీనామా చేశాడు. సమాఖ్య అధ్యక్షుడు చెయ్యలేదు. నువ్వు చూడాల్సింది ఆ రెండో వాక్యం.

4. వీలైతే ఇద్దరు కెప్టెన్లని పెట్టు

జట్టులో రెండు ముఠాలుంటే ఒకదాన్ని ఎంచుకోవాల్సిన పని నీకెందుకు? ఇద్దరికీ బిళ్ల తగిలించు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌కి పృథిపాల్ సింగ్, గుర్బక్ష్ సింగ్‌లని ఉమ్మడి కెప్టెన్లుగా పంపారు. ఇద్దరూ మహా ఆటగాళ్లే. గుర్బక్ష్ మన కలకత్తా మైదానాల్లో ఆడినవాడు. 1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ స్వర్ణమో రజతమో తెచ్చిన దేశం ఆ ఏడు మొదటిసారి కాంస్యంతో తిరిగొచ్చింది. తప్పు ఆటగాళ్లది అనుకుంటున్నావా? తేల్చలేనిది కమిటీ, తెగనిది కమిటీ. కానీ ఇవాళ్టికీ జనం గుర్తుపెట్టుకున్నది కెప్టెన్ల పేర్లే, ఆ నిర్ణయం తీసుకున్న పెద్దమనుషుల పేర్లు ఎవరికీ గుర్తులేవు. ఇంతకంటే భద్రమైన పద్ధతి ఇంకేముంది?

5. ఎవరిమీదా నేరం పడని కారణాల జాబితా జేబులో ఉంచుకో

మన ఆట ఎందుకు పడిపోయిందో నిజంగా కొన్ని కారణాలున్నాయి. వాటిని దాచొద్దు, బాగా వాడుకో. ఆంగ్లో ఇండియన్లు కలకత్తా హాకీకి వెన్నెముక, 1947 తర్వాత వాళ్లలో చాలామంది బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. జబల్‌పూర్‌లో పుట్టిన పియర్స్ అన్నదమ్ములు ఐదుగురు ఆస్ట్రేలియా జాతీయ జట్టుకే ఆడారు. ఒకప్పుడు రైల్వే, కస్టమ్స్, పోర్టు లాంటి కచేరీలు స్టిక్ పట్టుకున్న కుర్రాణ్ని పిలిచి ఉద్యోగం ఇచ్చేవి. ఆ నియామకాలు తగ్గాక నాన్నలు స్టిక్కులు విరిచి పోటీపరీక్షల పుస్తకాలు కొన్నారు. మైదాన్‌లో ఫుట్‌బాల్ ముందునుంచీ రాజు. 1983 తర్వాత క్రికెట్ చక్రవర్తి అయింది.

ఇవన్నీ నిజాలే కాబట్టి చెప్పేటప్పుడు నీ గొంతు తడబడదు. ఒక్క జాగ్రత్త తీసుకో. ఇదే ఆంగ్లో ఇండియన్ వలస, ఇదే ఉద్యోగాల కొరత, ఇదే క్రికెట్ పిచ్చి పక్క రాష్ట్రాల్లోనూ ఉన్నాయి కదా, అక్కడ హాకీ ఎలా బతికిందని ఎవడూ అడగకుండా చూసుకో. అడిగితే ఏమవుతుందో తర్వాతి చిట్కాలో చెబుతాను.

6. పిల్లల్ని గేటు లోపలికి రానివ్వకు

హౌరాలో రైలెక్కి మన పాత బీఎన్నార్ లైను మీదే పోతే ఖరగ్‌పూర్ దాటాక రూర్కెలా వస్తుంది. అది సుందర్‌గఢ్ జిల్లా. మూడు ఒలింపిక్స్ ఆడిన దిలీప్ తిర్కీ ఆ జిల్లావాడే, 2022లో ఇప్పటి జాతీయ సమాఖ్య హాకీ ఇండియాకి అధ్యక్షుడయ్యాడు. ఒడిశా ప్రభుత్వం 2018 నుంచి జాతీయ జట్లకి స్పాన్సరుగా ఉంది. రూర్కెలాలో బిర్సా ముండా పేరుతో ఇరవై వేల మందికి పైగా పట్టే హాకీ స్టేడియం కట్టి, 2023 ప్రపంచకప్ మ్యాచ్‌లు ఆడించింది. పొరుగునే జార్ఖండ్‌లోని సిమ్‌డేగా, ఖూంటీ పల్లెల్లో పిల్లలు వెదురుకర్రలతో మొదలుపెట్టి భారత జట్టు దాకా వెళ్తున్నారు.

ఇదంతా అభిమానికి తెలియకూడదు. పిల్లల్ని చేర్చుకుంటే అయ్యే తలనొప్పులు ఆలోచించు. పొద్దున్నే అయిదింటికి గేటు తియ్యాలి. చిన్న సైజు స్టిక్కులు కొనాలి. అరటిపళ్లు, కోడిగుడ్లు పెట్టాలి. పదేళ్లు ఆగితే గాని ఫలితం కనిపించదు, అప్పటికి కుర్చీలో ఇంకెవడో ఉంటాడు. వాడి పేరు కోసం నువ్వు అరటిపళ్లు కొనడమేమిటి? మన వీధిలో డాక్ కూలీ కొడుకు, ఇక్బాల్‌పూర్ దర్జీ కొడుకు గోడ మీంచి ఆట చూస్తుంటే గోడ ఎత్తు పెంచు. పెద్ద టోర్నీ వచ్చినప్పుడు బయటినుంచి నలుగురు ఆటగాళ్లని రోజుకింత అని మాట్లాడుకో. వాళ్లకి జెర్సీ రంగు గుర్తుండేలోపు టోర్నీ అయిపోతుంది.

7. ఆడపిల్లల జట్టు ఊసెత్తకు

మన తెలుగువాళ్లలో కొందరికి ఈ పిచ్చి పట్టుకుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి ఇటిమరపు రజని భారత జట్టుకి గోల్‌కీపరైందని పేపర్లో చదివి, కూతుళ్లని తీసుకుని టెంటు దాకా వస్తున్నారు. భారత మహిళల జట్టు 2016లో 36 ఏళ్ల తర్వాత ఒలింపిక్స్‌కి వెళ్లిందనీ, టోక్యోలో నాలుగో స్థానం దాకా పోయిందనీ లెక్కలు చెబుతారు. అన్నీ విని, "బట్టలు మార్చుకునే గది లేదమ్మా" అని చెప్పు. గది కట్టడానికి ఎన్ని ఇటుకలు కావాలో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

8. స్టిక్కుల కంటే శాలువాలు ముఖ్యం

పద్దుల పుస్తకం రాసేటప్పుడు ఈ సూత్రం మరిచిపోకు. ఆటకి పెట్టిన ఖర్చు కనిపించదు, సన్మానానికి పెట్టిన ఖర్చు ఫొటోలో పడుతుంది. గోల్‌కీపర్ ప్యాడ్లు చిరిగితే దారంతో కుట్టించు, జ్ఞాపికలు మాత్రం కొత్తవి చేయించు. ఏటా ఒక పాత ఒలింపియన్‌ని పిలిచి శాలువా కప్పు. ఆయన మైకు ముందు "టర్ఫ్ కావాలి, పిల్లలు కావాలి" అంటే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టు. ఆ చప్పట్లతో ఆయన మాట అక్కడే ముగుస్తుంది.

క్యాంటీన్ మీద మాత్రం శ్రద్ధ తగ్గించొద్దు. మైదాన్ టెంట్లకి చికెన్ స్టూ, టోస్టులతోనే సగం పేరు. ఓటమి తర్వాత కోపంతో వచ్చిన సభ్యుడు వేడి స్టూ ముందు కూర్చుంటే, గిన్నె ఖాళీ అయ్యేలోపు అతని విమర్శ కూడా చల్లారుతుంది. వార్షిక లెక్కల్లో స్టూ నష్టం హాకీ పద్దులో వెయ్యి.

9. పదవీకాలానికి హద్దు అన్న మాట విననట్టు నటించు

2011 జాతీయ క్రీడా నియమావళి పెద్ద సమాఖ్యల అధ్యక్షులకి మొత్తం పన్నెండేళ్లు చాలన్నది, డెబ్బై ఏళ్లు వచ్చాక కుర్చీ వదలమన్నది. జాతీయ హాకీలో అంతకుముందు ఒకే అధ్యక్షుడు 1994 నుంచి 2008 దాకా ఉన్నాడు. ఆ పద్ధతి బాగుందనుకున్నవాళ్లు తర్వాత ఇంకో మెట్టెక్కి, జీవితకాల అధ్యక్షుడనే పదవి సృష్టించారు. 2022 మేలో ఢిల్లీ హైకోర్టు ఆ పదవి చెల్లదని చెప్పి, హాకీ ఇండియాని ముగ్గురు సభ్యుల పాలక కమిటీకి అప్పగించింది. వాళ్లు చేసిన పొరపాటు ఏమిటంటే, ఆ పదవికి పేరు పెట్టారు. నువ్వు పేరు పెట్టకు.

మనకి సులువైన దారి ఉంది. మూడేళ్లు కార్యదర్శిగా ఉండు, తర్వాత మూడేళ్లు ఉపాధ్యక్షుడిగా ఉండు, నీ బావమరిది కార్యదర్శి అవుతాడు. ఆ తర్వాత ఇద్దరూ కుర్చీలు మార్చుకోండి. సర్వసభ్య సమావేశం దుర్గాపూజ వారంలో పెట్టు. నోటీసు టెంటు వెనక, నీళ్ల కుండ మీద గోడకి అంటించు. నియమం ప్రకారం అంటించినట్టే లెక్క. కోరం లేదంటే అరగంట వాయిదా వేసి, అదే చోట, వచ్చిన అయిదుగురితోనే ఆమోదం చేయించు. మినిట్సులో "సుదీర్ఘ చర్చ జరిగినది" అని రాయించు.

10. అభిమానికి జవాబులు కంఠస్థం చెయ్యి

అభిమాని వేసే ప్రశ్నలు ఏళ్ల తరబడి మారవు, కాబట్టి జవాబులూ మార్చక్కర్లేదు.

"జట్టు ఎందుకు ఓడింది?" అని అడిగితే, "ఆట అన్నాక గెలుపోటములుంటాయి" అను.

"మరి గెలుపు ఎప్పుడు?" అంటే, "ఇది పునర్నిర్మాణ దశ" అను. ఈ దశకి ముగింపు తేదీ చెప్పకు.

"కోచ్‌కి జీతం ఇచ్చారా?" అంటే, "హాకీ డబ్బు కోసం ఆడే ఆట కాదు" అను.

"ఎంపికలో మీ మేనల్లుడు ఎలా వచ్చాడు?" అంటే, "సెలెక్టర్ల నిర్ణయంలో నేను జోక్యం చేసుకోను" అను. సెలెక్టర్ నువ్వే అన్న సంగతి అతనికి గుర్తొచ్చేలోపు చాయ్ తెప్పించు.

"మీరు దిగిపోవచ్చుగా?" అంటే నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి, "నేను పదవి కోసం రాలేదు, సేవ కోసం వచ్చాను" అను. సేవకి రాజీనామా ఉండదని వాడే అర్థం చేసుకుంటాడు.

అభిమానులు ఎన్ని రకాలో కూడా తెలుసుకో. ఒకరకం ముసలాయన. పోర్ట్ కమిషనర్స్‌కి ఎవరు ఏ సంవత్సరం ఎటువైపు ఆడారో చెబుతాడు. ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టు. ఆయనకి 1950ల మ్యాచ్ ఒకటి చెప్పే అవకాశం ఇస్తే ఇవాళ్టి మ్యాచ్ మరిచిపోతాడు. రెండో రకం కుర్రకారు. కంచె పట్టుకుని అరుస్తారు, ఖాళీ సీసాలు విసురుతారు. వాళ్లు మనకి మేలే చేస్తారు. మర్నాడు పేపర్లో ఓటమి బదులు సీసాల గురించి వస్తుంది, నువ్వు "క్రమశిక్షణ" మీద మాట్లాడొచ్చు. మూడో రకం విసిగిపోయి రావడం మానేసినవాడు. ఈ రకం పెరిగేకొద్దీ మనకి నెమ్మది. ఖాళీ గ్యాలరీలోంచి తిట్లు వినిపించవు.

ఇక చివరి హెచ్చరిక. ఈ పది చిట్కాలూ పాటించినా పనిచెయ్యని సందర్భాలున్నాయి. జాతీయ హాకీనే చూడు. 2008లో అర్హత పోయాక, అదే ఏప్రిల్‌లో సమాఖ్య కార్యదర్శి డబ్బు తీసుకుంటున్నట్టు ఒక టీవీ చానెల్ రహస్య కెమెరాలో చూపించింది. కార్యదర్శి రాజీనామా చేశాడు, ఒలింపిక్ సంఘం సమాఖ్యని సస్పెండ్ చేసింది, పద్నాలుగేళ్ల అధ్యక్ష పదవి అక్కడితో ముగిసింది. ఆ తర్వాత జాతీయ హాకీని నడిపినవాళ్లు కూడా మన పద్ధతుల్నే చాలాకాలం నడిపించారు, 2012లో అట్టడుగున పడ్డారు. అక్కణ్నుంచి మెల్లగా దారి తప్పారు. నికరంగా డబ్బిచ్చే స్పాన్సర్ని తెచ్చుకున్నారు. ఆటగాళ్ల ఊపిరిని, కండని లెక్కలుకట్టి పెంచారు. గ్రాహమ్ రీడ్ అనే కోచ్‌ని 2019లో తెచ్చి ఒలింపిక్స్ దాకా కదపలేదు. ఫలితం 2021 ఆగస్టు 5న జర్మనీ మీద 5-4తో కాంస్యం, 41 ఏళ్ల తర్వాత పతకం. 2024లో పారిస్‌లో మళ్లీ కాంస్యం. అంటే జట్టు బాగుపడటం దైవలీల కాదనీ, కమిటీ పని చేస్తే బాగుపడుతుందనీ బయటపడిపోయింది. ఇది మన వృత్తికి తగిలిన పెద్ద దెబ్బ.

కాబట్టి నువ్వు నిజంగా భయపడాల్సిన నాలుగో రకం అభిమాని గురించి చెబుతాను. వాడు అరవడు. సీసా విసరడు. క్లాడియస్ ఫొటోకి దండం పెడతాడు గాని, దాని ముందు ఆగిపోడు. వార్షిక చందా కట్టి రసీదు అడుగుతాడు. నీళ్ల కుండ మీద అంటించిన నోటీసు చదువుతాడు. దుర్గాపూజ వారంలోనైనా సర్వసభ్య సమావేశానికి వస్తాడు. చెయ్యెత్తి, ఏ గొడవా లేకుండా మూడే అడుగుతాడు: గత ఏడాది టర్ఫ్ సాధనకి ఎంత ఖర్చుపెట్టారు, పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఎంతమంది ఆడుతున్నారు, ఈసారి కార్యదర్శి పదవికి నామినేషన్ ఎక్కడ వెయ్యాలి. మన దగ్గర జవాబు లేని ప్రశ్నలు ఆ మూడే. వాడి వెనక అలాంటివాళ్లు ఇంకో ఇరవైమంది చందా కట్టి వస్తే నీకు నా ఫొటోలు, నా శాలువాలు, నా స్టూ ఏవీ అక్కరకి రావు.

ఇంతకాలం మనల్ని కాపాడింది మన తెలివి కాదు నాయనా. ఖిదిర్‌పూర్ నుంచి మైదాన్ దాకా జట్టుని ప్రేమించినవాళ్లు వేలమంది ఉన్నారు, వాళ్లలో చందా కట్టినవాళ్లు వేళ్ల మీద లెక్కకి వస్తారు. వాళ్ల కోపం కంచె దగ్గరే ఉన్నంతకాలం నీ కుర్చీకి ఢోకా లేదు. రసీదు పుస్తకం మాత్రం నీ బీరువాలోనే పెట్టి తాళం వేసుకో.